గరిటె వెనక సింహం

నా వెండి గరిటె వెనకున్న సింహాన్ని మా చర్చి కమిటీ వాళ్లు అరగదీయించి, ఆ చోట నా పేరు కొట్టించారు. నన్ను అడగలేదు.

ఆ గరిటె ఇంగ్లండులో జార్జి రాజుల కాలం నాటిది. మిషన్ బంగళా ఖాళీ చేసి సామాన్లు వేలం వేసినప్పుడు, తుప్పు కత్తుల పెట్టె అడుగున నల్లబడి ఉంటే, సత్తుదనుకొని నాకు వదిలేశారు. నా చదువు ఏడో తరగతితో ఆగింది. ఆ కాడ వెనక గుర్తులు తెలుసుకోవడానికే భూతద్దం, డిక్షనరీ పెట్టుకొని ఇంగ్లీషు నేర్చుకున్నాను. నడిచే సింహం ఉంటే వెండి మేలైనది. చిరుతపులి తల ఉంటే లండన్‌లో పరీక్షించినది. రాజుగారి తల ఉంటే పన్ను కట్టినది. పక్కనున్న అక్షరం ఏ ఏడాదిదో చెబుతుంది. అన్నీ బియ్యపు గింజంత. అవి ఉంటే జార్జియన్ వెండి, లేకుంటే పప్పు గరిటె. తర్వాత హైదరాబాదు పాత సామాన్ల దుకాణాలు తిరిగి చెంచాలు, ఒక ఉప్పు గిన్నె పోగుచేశాను గానీ, నాకు బడి ఆ గరిటే.

కోతల పండుగకు బిషప్‌గారు వస్తున్నారని, ఆయనకు వడ్డించడానికి మంచి గరిటె కావాలని సెక్రటరీ మా ఇంటికొచ్చాడు. ఒక్క పూటకని చెప్పి మరీ ఇచ్చాను.

మా సంఘంలో పేరు లేని గిన్నెకు దిక్కుండదు. విందయ్యాక అది ఎవరి సంచిలో పడి పొరుగూరు నెక్కొండ చేరుతుందో చెప్పలేం. అందుకే ఏది కొన్నా, ఏది ఇచ్చినా ముందు పేరు కొట్టిస్తారు. పండుగయ్యాక గరిటె కోసం వెళ్తే, సెక్రటరీ తళతళలాడుతున్న దాన్ని గర్వంగా నా చేతిలో పెట్టాడు. తిప్పి చూశాను. సింహం లేదు, పులి లేదు, రాజుగారి తల తెగిపోయింది. వాటి చోట నా పేరు, ఇంటిపేరుతో సహా. దాని కింద ‘గారి జ్ఞాపకార్థం’.

“ఇక్కడ గుర్తులుండె. ఏవి?”

“అవా పెద్దయ్యా, ఎవలదో పాత పేరనుకొని గిన్నెల షాపాయన మిషన్ పెట్టి రుద్దిండు. పాత పేరు మీద కొత్తది కొడితే మంచిగుండది గదా.”

“అది పేరు కాదయ్యా, సింహం.”

“దేవుని మందిరంల సింహమెందుకు పెద్దయ్యా?”

“మరి జ్ఞాపకార్థమేంది? నీ ముందటనే నిలబడ్డ గదా.”

“చర్చి సామానంటె షాపాయన చెయ్యి అదే కొడ్తది. జర ఏమనుకోకుండ్రి.”

పక్కన ప్లేట్లు కడుగుతున్న ఒకావిడ తొంగిచూసి, “అక్షరాలు మంచిగ పడ్డయి తాతా” అని మెచ్చుకుంది.

సెక్రటరీ గరిటె తీసుకొని బీరువాలో పెట్టి తాళం వేశాడు. అది దానం కింద చేరిపోయిందట.

సింహం ఎలాగూ తిరిగి రాదు, గరిటె అయినా ఇప్పించండని కమిటీకి రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. ఆదివారం ఆదివారం ముందు బెంచీలో కూర్చుని వాళ్లనే చూశాను. చివరికి సెక్రటరీ ఫోన్లో మెసేజ్ పెట్టాడు:

“పెద్దయ్యా, వందనాలు. మీ బాధ కమిటీల చెప్పిన. అందరు విచారించిండ్రు. గరిటె మీద దాత పేరున్నది గనుక బయటికిచ్చుడు కుదరదన్నరు. సింహం గురించి ఫికర్ చెయ్యకుండ్రి, షాపాయన నెమలి మంచిగ కొడ్తడట. జ్ఞాపకార్థం అన్నది ఇప్పటికైతే తప్పే, ఒప్పుకుంటానం. మళ్ల రుద్దితే గరిటె పల్చబడ్తది. అందుకే అట్లనే ఉంచుదామని తీర్మానం చేసినం. ఎప్పటికైన పనికొస్తది.”