సలోమి కొత్త సాలు

సలోమి తయారుచేసిన ఎడిటర్ పేరు సాలు. ప్రోగ్రాం రాయడం కొత్తగా నేర్చుకునేవాళ్లు కంప్యూటర్లో దాన్ని తెరిచి, అందులోనే టైపు చేసి, అందులోనే నడిపి చూసుకుంటారు. నాగలి గీసిన గీతను సాలంటారు గనక, ప్రోగ్రాంలో ఒక్కో వరుసా ఒక్కో సాలేనని ఆమె ఆ పేరు పెట్టింది. రుద్రవరం చేల పక్కన పెరిగిన మనిషికి అంతకన్నా దగ్గరి మాట తోచలేదు. వాడేవాళ్లలో సగంమంది మాత్రం అది ‘చాలు’ అనుకున్నారు. “ఇదొక్కటుంటే సాలు అనే కదా మేడమ్?” అని అడిగితే ఆమె నవ్వేది. కాదనేది కాదు.

ఆమె తండ్రి జోసెఫ్ రుద్రవరంలో లెక్కల టీచరు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆయనే. కూతురికి ఆయన గొంతు రాలేదు గానీ, పదిమంది ముందు నిలబడి జంకకుండా మాట్లాడే అలవాటు వచ్చింది. నంద్యాలలో డిగ్రీ చదివి, అదే ఊళ్లో ఒక కాలేజీ ల్యాబులో పనికి కుదిరింది. అక్కడ ఏటా ఒకటే చూసింది. పిల్లలు ఏదో ఒకటి టైపు చేస్తారు, తెర మీద ఎర్రటి ఇంగ్లిషు వాక్యం ప్రత్యక్షమవుతుంది, వేడి పెనం తగిలినట్టు చేతులు వెనక్కి లాక్కుంటారు. ఆ వాక్యంలో ఉన్నది చిన్న సంగతే. ఆ సంగతిని వాళ్ల మాటల్లో చెప్పే దిక్కు లేదు. అందుకని ఆమె సాలు చేసింది. ‘మూడో సాలులో బ్రాకెట్ తెరిచినారు, మూయలేదు’ అని అది చెప్పేది. ఒక ల్యాబు నుంచి ఇంకో ల్యాబుకు పెన్‌డ్రైవుల్లో పాకి, నాలుగేళ్లలో అది జిల్లా దాటిపోయింది.

పని పెరిగాక ఆమె ఉద్యోగం మానేసి, సంజీవనగర్‌లో మేడ మీద ఒక గది తీసుకుంది. మహేంద్ర అప్పుడే వచ్చి చేరాడు. అహోబిలం అవతల చెంచుగూడెం అతనిది. ఆమె దగ్గరే చదువుకుని, హైదరాబాదులో ఒక కంపెనీలో కొన్నాళ్లు చేసి, ఆ గాలి పడక తిరిగి వచ్చాడు. ఇద్దరూ కలిసి ఏడాదిపాటు సాలును మొదలంటా తిరగరాశారు. పాత తెర నిండా బటన్లుండేవి. కొత్తదాంట్లో రాసే చోటు పెద్దది చేసి, మిగిలినవన్నీ పక్కకు సర్దారు. ఇంకొకటి కూడా చేశారు. ఇదివరకు ప్రోగ్రాం నడిపాకే తప్పులు చెప్పేది. ఇప్పుడు టైపు చేస్తుండగానే చెబుతుంది. అది సలోమి ఆలోచన. ఆమెకు బాగా ఇష్టమైనదీ అదే.

సోమవారం పొద్దున విడుదల చేశారు. మహేంద్ర మీట నొక్కి కుర్చీలో వెనక్కి వాలాడు.

“భయంగా లేదా అక్కా?”

“ఎందుకుంటాది? మనం చేసింది మంచిదే కదా. వాళ్లు తిట్టినా మంచిదే, యాడ చినిగిందో, యాడ కుట్టుకోవల్లనో తెలుస్తాది.”

ఎడిటర్‌లో ‘మీ మాట’ అని ఒక బటన్ ఉంది. అందులో ఏం రాసినా నేరుగా వీళ్లకు చేరుతుంది. మధ్యాహ్నానికే అది పొంగింది. రన్ బటన్ యాడ పోయిందని ఒకరు. రంగు కండ్లకు కొడ్తాందని ఒకరు. గడివేముల నుంచి ఒక టీచరు, అక్షరాలు బాగున్నాయి, వెనక బెంచీకి కూడా కనపడతాండాయి అని. ఆ ఒక్కటి వదిలేస్తే వరసగా ఒకటే పాట: పాతదే ఇయ్యండి.

మహేంద్ర అన్నం కూడా సరిగా తినలేదు. “పాతది మళ్లీ పెట్టేద్దామక్కా. గొడవ వదిలిపోతాది.”

“ఎవురన్నా ఇల్లు మారితే వారం దినాలు స్విచ్చి కోసం గోడ తడుముతారు. అంతమాత్రాన పాతింటికి పోతారా?” అంది సలోమి. “రన్ బటన్ పాత తావుకే తెద్దాం, అది మన తప్పే. రంగు ఎవురిది వాళ్లు మార్చుకునేటట్టు పెడదాం. మిగతాది ఆగు. చదవనీ.”

ఆమె ప్రతి సందేశమూ చదివింది. చాలావాటికి తనే జవాబు రాసింది. అలవాటు తప్పి విసుక్కున్నవాళ్లెవరో, నిజంగా ఇబ్బంది పడ్డవాళ్లెవరో ఆమెకు తెలిసిపోయేది. ఒక్క సందేశం దగ్గర మాత్రం ఆగిపోయింది. అది ఆళ్లగడ్డ నుంచి సౌజన్య రాసింది. సౌజన్య అక్కడ ఆడవాళ్లకు కంప్యూటర్ నేర్పే శిక్షణ కేంద్రం నడుపుతుంది. ‘మా దాంట్లో కొందరు టైపు చేయడమే మానేసినారు. అడిగితే చెప్పలేకుండా ఉన్నారు. రంగు అంటారు, ఇంకోటంటారు. నాకైతే అది కాదనిపిస్తాంది.’

దీనికి కుర్చీలో కూర్చుని జవాబు రాయలేనని సలోమికి అర్థమైంది. మర్నాడు పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సెక్కింది.

శిక్షణ కేంద్రం ఒక పాత రైసుమిల్లు ఆఫీసు గదిలో ఉంది. రోడ్డుకు ఆ పక్క శిల్పుల పాకలు. ఉలి చప్పుడు కిటికీలోంచి ఆగకుండా వస్తోంది. సౌజన్య ఆమెను అందరికీ చూపించబోతే సలోమి వద్దంది. “నేనెవరో చెప్తే మర్యాదకు బాగుందంటారు. ఊరికే ఎనక కూసుంటా.”

వెనక కూర్చుని చూసింది. మొదటి వరసలో నలభై దాటిన ఒకావిడ ఉంది. పేరు భ్రమరాంబిక. మొగుడు ఎదురు పాకల్లోనే విగ్రహాలు చెక్కుతాడు. ఆమె తెర ముందు నిటారుగా కూర్చుని ఒక్కో అక్షరమూ వెతికి నొక్కుతోంది. మాట సగంలో ఉండగానే కింద ఎర్ర గీత పడింది, ‘ఈ పేరు తెలియదు’ అని. ఆమె చెయ్యి ఆగింది. రాసింది చెరిపేసింది. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ సగంలో ఎర్ర గీత. మళ్లీ చెరిపింది. అటుపైన చేతులు ఒళ్లో పెట్టుకుని పక్కావిడ తెర చూస్తూ కూర్చుంది.

సలోమి లేచి వెళ్లి పక్కన స్టూలు లాక్కుంది.

“ఎందుకక్కా చెరిపేసినావు? నువ్వు రాసింది సరిగానే ఉండాది.”

“సరిగా ఉంటే ఎర్రగీత ఎందుకేస్తాది?” అంది భ్రమరాంబిక. “నేనింకా మాట పూర్తిగా చెప్పనే లేదు, తప్పు తప్పు అంటాంది. మా అత్త మాదిరి. నోరు తెరవకముందే తప్పుబడితే మాట యాడ వస్తాది?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సలోమి కూడా నవ్వింది గానీ, ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. తను సాయమనుకున్నది ఈ గదిలో గద్దింపు అయింది. బాగా నేర్చినవాడికి ఆ గీత కనపడనైనా కనపడదు, వాడు అప్పటికే తర్వాతి మాటలోకి పోయి ఉంటాడు. అక్షరం వెతుక్కునే మనిషికి మధ్యలో ఉన్నదంతా తప్పుగానే కనపడుతుంది.

తనెవరో సలోమి అప్పుడు చెప్పింది. “ఈ ఎడిటర్ చేసింది నేనే. నువ్వు చెప్పింది సరిచేస్తా. శనివారానికి కొత్తది వస్తాది.”

భ్రమరాంబిక ఆమెను ఎగాదిగా చూసింది. “నువ్వు చేసినావా? చూస్తే నిదానంగనే ఉండావు. అంత తొందరేమొచ్చె దానికి?”

బస్సులోంచే సలోమి మహేంద్రకు ఫోన్ చేసింది. “సాలు పూర్తయి కింది సాలుకు దిగేదాకా ఎడిటర్ ఏమీ అనకూడదు. లేదా వాళ్లే రన్ నొక్కల్ల. అంతదాకా నోరు మూసుకోని ఉండల్ల.”

“పాతదానికి పోతాండామా?” అన్నాడతను.

“లేదు, పోతాల్యా. తప్పు అక్కడికక్కడే, ఆ సాలు కిందనే చూపిస్తాం, అది ఉంటాది. ఎప్పుడనేదే మారుస్తాండాం.”

ఎర్ర గీత బదులు పసుపు చుక్క పెడితే ఎట్లుంటుందని మహేంద్ర అడిగాడు. ఆ ఆలోచన సలోమికి తన ఆలోచన కన్నా నచ్చింది. శుక్రవారానికే పని పూర్తయింది. ఒకరోజు ముందే పంపారు.

ఆ మార్పు వెళ్లిన వారానికి సుబ్బరాయుడు ఫోన్ చేశాడు. నంద్యాల దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ విభాగానికి ఆయన పెద్ద. పెద్ద ల్యాబులు, చాలామంది పిల్లలు. సాలును అన్ని ల్యాబుల్లోనూ పెడతానన్నాడు, ఒక్క షరతు మీద.

“ఎవురు ఎన్ని తప్పులు చేసినారో మాకు తెలియల్లమ్మా. పేరు పేరునా రావల్ల. దాన్ని బట్టి ఇంటర్నల్ మార్కులేస్తాం.”

సలోమి వెంటనే జవాబిచ్చింది. “ఆ పని సాలు చేయదు సార్.”

“చేయలేకనా, చేయకూడదనా?”

“చేయొచ్చు సార్. ఒక్క దినం పని. చేయం. తప్పు రాస్తే ఎవురో చూస్తాండారని తెలిస్తే పిల్లలు రాసేది మానుకుంటారు. తప్పు చేసేదానికి ఒక తావుండల్ల కదా, అందుకే చేసింది ఇది.”

“పెద్ద కాలేజీని పోగొట్టుకుంటాండావు.”

“మీ పిల్లలు ఇంటికాడ వాడుకోవచ్చు సార్, ఎవురూ అడ్డం రారు.”

ఆయన ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేయలేదు. ఆ కాలేజీ వేరే ఎడిటర్ తీసుకుంది. మహేంద్ర కొన్నాళ్లు దిగులుపడ్డాడు. సలోమి ఆ మాట మళ్లీ ఎత్తలేదు, వెనక్కి తిరిగి చూడనూ లేదు. కొత్త రూపు గిట్టక సాలును వదిలేసినవాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్లకు ఆమె పాతదాన్ని డౌన్‌లోడుకు అట్లాగే ఉంచింది.

వానలు మొదలయ్యాక ఇద్దరూ కలిసి ఆళ్లగడ్డ వెళ్లారు. సౌజన్య క్లాసు ముగింపుకు ఎవరికి కావలసిన ప్రోగ్రాం వాళ్లు రాయాలని పెట్టింది. భ్రమరాంబిక రాతి బరువు లెక్క రాసింది. పొడవు, వెడల్పు, మందం ఇస్తే రాయి ఎంత తూగుతుందో చెబుతుంది. లారీవాళ్లు బాడుగ కోసం బరువు ఎక్కువ చెబితే ఇన్నాళ్లూ తన మొగుడు తలూపేవాడట.

ఆమె మూడో సాలులో బ్రాకెట్ మరిచిపోయింది. కింది సాలుకు దిగగానే పసుపు చుక్క పడింది. ఆమె జడుసుకోలేదు. చదివింది, “ఓ, అదా” అంది, పైకి పోయి సరిచేసింది, రన్ నొక్కింది. పాకలో నంది చెక్కడానికి తెచ్చిన రాయి బరువు తెర మీద వచ్చింది.

మహేంద్ర తన ఫోనులో లెక్క వేసి చూశాడు. “సరిగా ఉంది.”

“సరిగా ఉంటాదిలే,” అంది భ్రమరాంబిక. సలోమి వైపు తిరిగి, “తెర మీద వస్తే ఏం లాభం? లారీవానికి చూపించల్లంటే కంప్యూటర్ మోసుకోని పోవల్లనా? కాగితం మీద రావల్ల. లేకుంటే ఫోనులో రావల్ల.”

సలోమి మహేంద్ర వైపు చూసింది. అతను అప్పటికే బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీస్తున్నాడు.

“ఫోనులోనే తెస్తాం,” అంది సలోమి. “అది ఎట్లుండల్లనో ముందు నువ్వు చెప్పు.”

భ్రమరాంబిక కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పడం మొదలుపెట్టింది.