మూత వేసి పది సెకన్లు ఆగండి

"స్విచ్చు యాడుండాది మేడం?" అని రోజూ ఎవరో ఒకరు అడిగేవాళ్ళు.

స్విచ్చు లేదండీ అని చెప్పేదాన్ని. మా కంపెనీ ఇయర్‌ఫోన్లకు వైరూ లేదు, ఆపే మీటా లేదు. రెండింటినీ వాటి పెట్టెలో పెట్టి, మూత వేసి, పది సెకన్లు ఆగాలి. పెట్టెలో పడ్డామని తెలిస్తేనే అవి ఆగుతాయి. జేబులో వేసుకున్నా, దిండు కింద దోపినా ఇంకా పనిలోనే ఉన్నామనుకుని ఊరికే బ్యాటరీ తాగేస్తుంటాయి. పొద్దున లేచి చూసుకుని జనం నన్ను తిట్టేవాళ్ళు.

తిట్లు వినడమే నా ఉద్యోగం. బ్యాటరీ నిలవడం లేదని ఫోన్ చేసేవాళ్ళకు ఐదు సంగతులు వరసగా చెప్పాలి. ఒకటి, పెట్టెలో పెట్టి మూత వేయడం. రెండు, లైటు వెలిగి ఆరిందో లేదో చూడటం. మూడు, పెట్టె గుంటల అడుగున ఉండే చిన్న రాగి పిన్నులను మెత్తటి పొడిగుడ్డతో తుడవడం. నాలుగు, ఫోన్లో జత తీసేసి మళ్ళీ కలపడం. ఐదు, పెట్టె వెనక బటన్ నొక్కిపట్టడం. ఇవన్నీ అయ్యాకే కొత్తది ఇస్తామన్న మాట ఎత్తాలి. ముందే ఎత్తితే మాకు మొట్టికాయలు.

మేం ఉండేది చంద్రగిరిలో, కోటకు పోయే దారిలో, ఒక మేడ మీద. పద్నాలుగు మెట్లు. ఇంట్లో నేనూ నాయనా, అంతే. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నాయన తిరుపతి డిపోలో కొండ బస్సులకు మెకానిక్‌గా చేశాడు. ఘాట్ దిగే బస్సు బ్రేకు శబ్దం విని లోపల ఏది అరిగిందో చెప్పేవాడు. రిటైరయ్యాక బాత్‌రూంలో జారిపడ్డాడు. తొడ ఎముకకు రాడ్డు వేశారు. అప్పటి నుంచి నాలుగు కాళ్ళ వాకరు పట్టుకుని హాల్లో తిరుగుతాడు. మెట్లు మాత్రం దిగలేడు.

ఆయన పడక ముందు నేను శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. తెల్లారకముందే కంపెనీ బస్సు. దూరమే, నడుము పట్టేసేది, అయినా ఆ బస్సంటే నాకు ప్రాణం. కిటికీ పక్క సీటు నాది. పక్కనుండే అమ్మాయి నా భుజం మీద తలపెట్టి నిద్రపోయేది, దిగేముందు తన డబ్బాలోని చింతపండు పులిహోర నాకింత పెట్టేది. నాయనను ఒంటరిగా వదిలి అంత దూరం పోలేక ఆ పని మానేసి, ఇంటి నుంచి చేసే ఈ పనిలో చేరాను.

వంటింటి పక్కనున్న చిన్న గది నా ఆఫీసు. రోడ్డు మీది హారన్లు కస్టమర్లకు వినబడకూడదని కిటికీ మూసేదాన్ని. ఫ్యాను గాలి మైకులో బుసకొడుతుందని ఫ్యాను కట్టేసేదాన్ని. హాల్లో టీవీ మోగుతుందని తలుపు వేసేదాన్ని. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు ఆ గదిలో ఉడికిపోతూ, పెట్టెలో పెట్టండి, మూత వేయండి అని ఊరందరికీ చెప్పేదాన్ని. పెట్టెలో ఉన్నది నేను. మూత కూడా నేనే వేసుకున్నాను.

ఇంకో సంగతి చెప్పాలి, సిగ్గుగానే ఉంది. ఆరింటికి పని అయిపోయినా నేను బయటికి వచ్చేదాన్ని కాదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే, ఏమీ వినకుండా, గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. ఏడున్నర దాకా. తలుపు తీస్తే నాయన. కాఫీ, మాత్రలు, కాలికి నూనె, మళ్ళీ ఆ డిపో కథలు. ఆయన మీద ప్రేమ లేక కాదు. కానీ రోజంతా పరాయివాళ్ళ గొంతులు విన్నాక, ఇంకొక్క గొంతు వింటే అరిచేస్తానేమో అనిపించేది. ఎప్పుడైనా తలుపు తోసి చూసినా, చెవుల్లో అవి కనబడితే పనిలో ఉన్నానని ఆయనే పలకరించకుండా వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు కింది నుంచి ఇంటి ఓనరమ్మ నాయనను అడిగింది. "ఏమన్నా, మీ పాప కనపడనే కనపడదే, ఏం చేస్తా ఉండాది?"

"ఇంట్లోనే ఉండాదిలేమ్మా" అన్నాడు నాయన.

అప్పుడు నాకు కాల్ లేదు, మాట స్పష్టంగా వినబడింది. ఇంట్లోనే ఉండాదట! ఊరికే పడి తింటున్నట్టు. గ్రీజు అంటితేనే ఈయనకు పని కింద లెక్క అనుకున్నాను. వారం రోజులు ఆ మాట నా లోపల కుళ్ళుతూనే ఉంది.

నిరుడు ఆయుధపూజ వచ్చింది. ఆ పండగంటే నాయనకు పంచప్రాణాలు. డిపోలో ఉన్నప్పుడు ప్రతి బస్సుకూ ఆయనే బొట్టు పెట్టేవాడు. ఇప్పుడు డిపో లేదు కాబట్టి ఇంట్లోనే పీట వేసుకుని కూర్చున్నాడు. కత్తిపీట, మిక్సీ, తన పాత స్పానర్లు, నా స్కూటీ తాళంచెవి అన్నీ వరసగా పేర్చి, గంధమూ కుంకుమా కలిపి బొట్లు పెట్టాడు. నాకు ఆ రోజు సెలవు లేదు. మధ్యాహ్నం అన్నానికి లేచినప్పుడు ఇయర్‌ఫోన్లు వాటి పెట్టెలో పెట్టి, హాల్లో బల్ల మీద వదిలి చేతులు కడుక్కోవడానికి పోయాను. వచ్చి చూస్తే మూత మీద అంత బొట్టు!

"నాయనా, ఇది కరెంటు వస్తువు. దీనికెందుకు పెట్టినావు?" అని చున్నీతో గబగబా తుడిచేశాను.

ఆయన కొబ్బరిచిప్ప నా వైపు జరిపాడు.

మర్నాటి నుంచి ఎడమ చెవిది మొరాయించింది. సాయంత్రం పెట్టెలో పెడితే పొద్దునకు నిండాల్సింది, సున్నా చూపించేది. నా పని సాగాలంటే రెండూ కావాలి, ఒకటి చెవిలో ఉండగా ఇంకొకటి పెట్టెలో చార్జింగ్ ఎక్కాలి. కుడిదాన్ని ఒక్కదాన్నే నమ్ముకుంటే మధ్యాహ్నానికి కాల్ నడుమనే కుయ్యిమని ప్రాణం వదిలేది. మా సరుకునే మేం వాడాలని రూలు కాబట్టి ఇంకోటి పెట్టుకోవడానికీ లేదు. అలా రెండు కాల్స్ తెగాయి. మా టీం లీడర్ ఫోన్ చేసి, మూడోది తెగితే ఉద్యోగుల జాబితాలోంచి పేరు తీసేస్తామని మర్యాదగానే చెప్పింది. ఎడమది ఎక్కడం లేదండీ, వేరేది పంపండి అని బతిమాలాను. పంపడానికి పది రోజులు పడుతుందట.

ఇక్కడే నా బుద్ధి వంకర తిరిగింది. మూడోది తెగితే తెగనీ అనుకున్నాను. తెగాలనే కోరుకున్నాను. ఉద్యోగం పోతే ఇంట్లో ఎలా గడుస్తుంది, మళ్ళీ ఫ్యాక్టరీకి పోక తప్పదు కదా. నేను పోతే నాయనను ఎవరు చూసుకుంటారు, చిత్తూరులో చిన్నమ్మ దగ్గరికి పంపక తప్పదు కదా. చిన్నమ్మది మెట్లు లేని ఇల్లు, మనుషులు నిండుగా ఉంటారు, ఎప్పటి నుంచో పంపమంటూనే ఉంది. నాయనే ఒప్పుకోలేదు. "నన్ను ఈ మెట్లు దించి మోసకపోయేది ఒక్కసారే" అనేవాడు. ఆయనను పొమ్మని నా నోటితో అనలేను. ఆ మాట ఈ ఎడమ చెవిదే నా తరఫున అంటుందని ఎదురుచూశాను.

అందుకే దాన్ని బాగుచేయలేదు. రోజంతా నేను చెప్పేవి శ్రీరంగనీతులు. నా దగ్గరికి వచ్చేసరికి ఆ ఐదు సంగతుల్లో ఒక్కటీ చేయలేదు. పైగా తలుపు వేసుకుని చిన్నమ్మకు ఫోన్ చేశాను. "నా ఉద్యోగం ఈ వారంలో పోతాది చిన్నమ్మా. ఆదివారం బండి పంపించు. నాయనకు నేనే ఎట్లో చెప్తాలే" అన్నాను. సరేనంది. ఫోన్ పెట్టేశాక కొండ దిగినంత తేలికైంది. బస్సులో కిటికీ సీటు ఖాళీగా ఉంటుందా అని కూడా ఆలోచించాను.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి పది నిమిషాలుంది. ఎడమది సున్నా, కుడిది మాత్రం నిండుగా ఉంది. ఈ రోజుతో అయిపోతుంది అనుకుంటూ కిటికీ మూశాను. వాకరు టకటకమంటూ వచ్చి తలుపు దగ్గర ఆగింది.

"పాపా, పిన్నులు తుడిచినావా?"

నాకు అర్థం కాలేదు. "ఏం పిన్నులు?"

"పెట్టె గుంటలో రాగి పిన్నులుంటాయంట గదా. మెత్తటి పొడిగుడ్డతో తుడవాలంట. మూడోది అదే గదా నువ్వు చెప్పేది."

తలుపు తీశాను. ఎక్కువసేపు నిలబడలేడు, వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. చెయ్యి చాపితే పెట్టె ఇచ్చాను. కళ్ళజోడు పైకి తోసి, పెట్టెను వెలుతురుకు వంచి చూశాడు. నేనూ వంగి చూశాను. కుడి గుంటలో పిన్నులు మెరుస్తున్నాయి. ఎడమ గుంట అడుగున ఎర్రగా, గట్టిగా ఏదో ఎండిపోయి ఉంది. గంధమూ కుంకుమా.

"ఈ లోపల కూడా పెట్టినావా నాయనా?"

"పెట్టినా" అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా ముఖం పెట్టి. "బానెట్టుకు పెడితే ఏం లాభం? ఇంజనుకు పెట్టాల బొట్టు. ముప్పై ఏండ్లు కొండ బస్సులకు అట్లే పెట్టినా, ఒక్క బండీ ఘాట్‌లో నిలబడలేదు. ఈ ఇంట్లో తిరిగే ఇంజను ఇదొక్కటే గదా ఇప్పుడు. యాడ పెట్టేదా అని మూత తీసి, ఎడమది ఎత్తి సూసి, రాగి మెరస్తా ఉంటే ఆడ పెట్టినా."

ఇంట్లోనే ఉండాదిలేమ్మా అన్న మాటను వారం పాటు నమిలిన దాన్ని. ఆయన నా పనిని కత్తిపీట పక్కన, తన స్పానర్ల పక్కన పెట్టి బొట్టు పెట్టాడు. నేను చున్నీతో తుడిచేశాను.

అగ్గిపుల్లకు దూది చుట్టమన్నాడు. చుట్టి ఇచ్చాను. చెయ్యి కదలకుండా మోచేతిని బల్లకు ఆనించి, ఆ ఎర్రటి పొరను కొంచెం కొంచెంగా గీకాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"ఆదివారం పోతా లే చిత్తూరుకు. బండి వస్తే కూసుంటా."

నేను చెప్పే ఐదు సంగతుల్లో మూడోది ఏదో కూడా తెలిసిన మనిషికి, ఆ తలుపు అవతల నేను ఇంకేం మాట్లాడినా వినబడదా? ఇన్నాళ్ళూ బయటి చప్పుడు లోపలికి రాకుండానే చూసుకున్నాను. లోపలి మాట బయటికి పోతుందని ఒక్కసారీ తోచలేదు.

"దాని కోసరం నీ ఉద్యోగం ఎందుకు పోగొట్టుకునేది?" అన్నాడు. "నన్ను పొమ్మంటే పోతా. చేతిలో పనిని మాత్రం చెడగొట్టుకోవద్దు."

ఎడమదాన్ని గుంటలో పెట్టి మూత వేశాడు. "పది సెకన్లు ఆగల్ల గదా" అని పైకే లెక్కపెట్టాడు. నేను గోడ వైపు తిరిగి ఏడుస్తుంటే ఆయన ఎనిమిది, తొమ్మిది అంటున్నాడు. లైటు వెలిగింది. తొమ్మిది కావస్తోంది. వాకరు పట్టుకుని లేచి, బయటికి పోతూ తలుపు ఆయనే దగ్గరికి వేశాడు.

మధ్యాహ్నం కుడిది అయిపోయే వేళకు ఎడమది ఎక్కి ఉంది. ఒక్క కాల్ కూడా తెగలేదు. ఎవరితో ఏం మాట్లాడానో గుర్తులేదు. ఆరింటికి రెండూ పెట్టెలో పెట్టి మూత వేశాను. లైటు ఆరిపోయింది. అలవాటు ప్రకారం గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"ఆగినాయా?" అని హాల్లోంచి అడిగాడు.

"ఆగినాయి నాయనా."

"మరి ఇంకా ఆ రూములో ఏం చేస్తా ఉండావు? ఆరింటి తర్వాత నీ గొంతు ఎప్పుడూ ఇనపడదులే, నాకు తెలుసు. ఈడ ఫ్యాను కింద కూసో రా. నేనేం మాట్లాడను."

ఇన్ని నెలలూ ఆయనకు తెలుసు. తెలిసీ ఏడున్నర దాకా కాఫీ కోసం కాచుకుని ఉండేవాడు.

ఆ గది అలాగే ఉంది, ఇప్పటికీ అందులోనే పనిచేస్తున్నాను. ఉక్కపోత తగ్గలేదు, బస్సు గుర్తొచ్చినప్పుడు కోపం కూడా వస్తుంది. ఆ రోజు చేసింది ప్రేమతోనే చేశానని గట్టిగా చెప్పలేను. సగం సిగ్గు కూడా అయ్యుండొచ్చు. ఆ సాయంత్రం హాల్లోకి వెళ్ళి ఆయన పక్కన ఫ్యాను కింద కూర్చుని, అక్కడి నుంచే చిన్నమ్మకు ఫోన్ చేశాను.

"ఆదివారం బండి వద్దు చిన్నమ్మా" అన్నాను.

నాయన ఏమీ విననట్టు టీవీ వైపే చూస్తూ కూర్చున్నాడు. టీవీ ఆపి ఉంది.