జాతర పసుపు

భార్య సుధారాణి పోయినప్పటినుంచి పుంగనూరు నంజుండప్పది ఒకటే మాట: "ఏదో ఒకటి." కాఫీనా టీనా అన్నా అదే. మదనపల్లె షెడ్డులో, వేడెక్కి ఆగిపోతున్న తన పాత స్పోర్ట్స్ కారు పక్కన నిలబడినప్పుడూ అదే. కొత్త రేడియేటర్ అల్యూమినియందా, రాగిదా అని మెకానిక్ అమానుల్లా అడిగితే, తాళంచెవిని బొటనవేలితో రుద్దుకుంటూ "ఏదో ఒకటి" అన్నాడు. అమానుల్లా పాత రేడియేటర్‌ని ఊడదీసి వంచాడు. పసుప్పచ్చటి ముద్ద జారింది.

"గొట్టాలన్నీ మూసకపోయిండాయి. దీంట్లో పసుపు ఎవురప్పా పోసింది?"

"మా ఆమె. కుప్పం జాతరకు పోతాంటే దోవలో నీళ్లు కారినాయి. బొక్క మూసుకుంటాదని, గంగమ్మకు తెచ్చిన పసుపు పోసింది."

అమానుల్లా నీళ్ల పైపు అందుకున్నాడు. నంజుండప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"కడగొద్దప్పా. అట్లే ఇచ్చేయ్."

"మరి కొత్తది ఏది బిగించేది?"

"ఏదో ఒకటి."