పెళ్లిచూపుల పొద్దున కరెంటు బ్రష్షు

సంబంధాలు చూస్తున్న ఆ రోజుల్లో నేను అద్దం ముందు నిలబడినంత సేపు ఆఫీసులో కూడా కూర్చోలేదేమో. భూపాలపల్లిలో ఒక కాంట్రాక్టరు దగ్గర కంప్యూటర్ పని చేసేవాణ్ని. అందగాణ్ని కాను గాని, నవ్వితే బాగుంటానని అక్క అనేది. (అక్క తప్ప ఇంకెవరూ అన్నట్టు గుర్తులేదు.) ఆ నవ్వుకూ చిక్కులున్నాయి. చిన్నప్పుడు సైకిల్ మీది నుంచి పడి విరిగిన ముందు పన్నుకు తొడుగు వేయించారు. పైగా గిన్నెలు తోమినట్టు పళ్లు తోమే అలవాటు వల్ల చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది. పని మీద పోయినప్పుడు మహబూబాబాద్‌లో చూపించుకుంటే, పళ్ల డాక్టరమ్మ నోట్లోకి లైటు వేసి చూసి, "ఇంత జోరుగ తోముతరా? చెయ్యి ఆగకుంటే కరెంటు బ్రష్షు తీస్కోండ్రి" అంది. మామూలుదా, కరెంటుదా, రెండిట్లో ఏది మంచిదని అడిగాను. "మెల్లగ తోమితే రెండూ మంచియే" అంది. ఆ మాటతో నా బతుకు ఆగమైంది.

రోజూ సాయంత్రం దుకాణానికి పోయి, ఒక చేతిలో మామూలు బ్రష్షు, ఒక చేతిలో కరెంటుది పట్టుకుని నిలబడేవాణ్ని. గదిలో నాతో ఉండే లంబుగాడు, "చెయ్యి పడిపోయినోనికి గా బ్రష్షు. నీకేమైందిరా?" అనేవాడు. బావేమో ఫోన్లో, "బామ్మర్దీ, పిల్ల తరపోళ్ల ముంగట నవ్వాల్నా వద్దా? మిషన్‌దే తీస్కో" అనేవాడు. చివరికి దుకాణం అతనే విసిగి, "అన్నా, రోజు వచ్చి చూసి పోతున్నవ్. బ్రష్షు చూస్తున్నవా, పిల్లను చూస్తున్నవా?" అన్నాడు. సిగ్గేసి కరెంటుది కొనేశాను. కొని, కొత్త బట్టల్లా పెళ్లిచూపుల పొద్దుటికని దాచిపెట్టాను.

సంబంధం కొడకండ్లలో. పాలకుర్తిలోని అక్క ఇంటి నుంచి బయలుదేరాలి. ఆ ఆదివారం పొద్దున నల్లా దగ్గర నిలబడి, నోట్లో పెట్టుకోకముందే మీట నొక్కాను. పేస్టంతా ఎగిరి బావ ఇస్త్రీ చొక్కా మీద పడింది. ఆ కంగారులో బ్రష్షును నోట్లోకి తోసి, అలవాటు కొద్దీ బలంగా అదిమాను. టక్కుమంది. ఉమ్మేసి చూద్దును కదా, నురగతోపాటు తొడుగు కూడా మురికి కాలువలోకి కొట్టుకుపోయింది.

"ఏమాయెరా?" అంది అక్క.

"పన్ను పోయిందక్కా."

"ఏడికి?"

"మోరీలకు."

పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని అక్క పుల్లతో మోరీ అంతా కెలికింది. దొరకలేదు. "బ్రష్షు కొనమన్న గని బోరు ఎయ్యమన్ననా?" అని బావ తల పట్టుకున్నాడు. ఆదివారం కావడంతో జనగామలో పళ్ల దవాఖాన మూసి ఉంది. అవతల పిల్ల ఇంట్లో వంటలు మొదలుపెట్టారు. "నోరు తెరువకు. తలకాయ ఊపు, సాలు" అంది అక్క.

కొడకండ్లలో అలాగే ఊపాను. పిల్ల నాయిన అడిగిన ప్రతిదానికీ బావే జవాబు చెప్పాడు. వాళ్ల అవ్వ ఉండబట్టలేక, "పిలగానికి మాటలొస్తయా?" అనేసింది. అందరూ నవ్వారు, నేను రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గాను. తర్వాత మమ్మల్నిద్దర్నీ అరుగు మీద కూర్చోబెట్టారు. ఆమె ఒక బడిలో టీచరు. పిల్లలు చూసుకోకుండా పెద్దసారును స్టోర్ రూంలో పెట్టి గొళ్లెం వేసిన సంగతి చెప్పింది. ఆయన లోపలి నుంచే హాజరు తీసుకున్నాడట. నాకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. పెదవులు కొరికి ఆపుకున్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీరు నవ్వరా?" అంది.

నవ్వనన్నట్టు తల అడ్డంగా ఊపాను. అంతలా నచ్చిన మనిషికి నేను చెప్పిన ఒకే ఒక్క జవాబు అది. ఆమె నన్ను కాసేపు జాలిగా చూసి లోపలికి వెళ్లిపోయింది.

రెండు రోజులకు కబురొచ్చింది. "పిలగాడు మంచోడే. గని మొఖంల నవ్వు లేదు. మా పిల్లకు నవ్వేటోడు కావాల్నట." అక్క ఏడ్చింది. నేను భూపాలపల్లి గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాను. ఇక ఈ జన్మకు పెళ్లి లేదనే అనుకున్నాను. (తర్వాత తొడుగూ వచ్చింది, వేరే సంబంధంతో పెళ్లీ అయింది. కరెంటు బ్రష్షుతో అక్క గ్యాస్ పొయ్యి సందులు తోముకుంది.)

ఈ మధ్య జనగామ బస్టాండులో ఆ కొడకండ్ల టీచరు కనిపించింది. బస్సు కిటికీ పక్కన, ఒళ్లో చిన్న పాపతో. నన్ను గుర్తుపట్టింది. నేను నోరంతా తెరిచి నవ్వాను. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"అయ్యో, మీరు నవ్వుతరా!" అంది.

మొత్తం కథ చెబుదామని ఒక అడుగు ముందుకు వేశాను. బస్సు కదిలింది. అది మలుపు తిరిగేదాకా నవ్వుతూనే నిలబడ్డాను. నా పక్కనున్న పెద్దమనిషి నన్నొకసారి చూసి, సంచీ తీసుకుని కాస్త దూరం జరిగాడు.