పదహారు డబ్బాలు

చౌడేశ్వరి సముద్రం ఎన్నడూ చూడలేదు. బెళుగుప్ప దగ్గరి కోళ్లఫారంలో దాణా కలపడం ఆమె పని. దాణాలో వేసే సముద్రపు చిప్పలు మూటల్లో వచ్చేవి. వాటిలో వేలిగోరంతవి పగలకుండా దొరికితే కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చేది. వీపు మీది గీతలు, లోపలి అంచున పళ్లలాంటి గాట్లు, కొనదేరిన ముక్కు ఏ వైపు వంగిందో చూసి ఒక్కో రకాన్ని ఒక్కో డబ్బాలో వేసేది.

“చిప్పలన్నీ ఒకటే గదా,” అనేది తల్లి తిరుపాలమ్మ.

“కందులూ పెసలూ ఒకటేనా మా?” అని కసిరేది చౌడేశ్వరి.

మూడేళ్లలో పదహారు డబ్బాలు, పదహారు రకాలు తేలాయి.

2003లో విత్తనానికి వేరుశనగకాయలు ఒలుస్తుండగా, ఒక కాయ తొక్క ఆమె వేళ్ల మధ్య నిలువునా రెండు చెక్కలైంది. పక్కపక్కన పెడితే ఒకదాని ముక్కు కుడికి, రెండోదాని ముక్కు ఎడమకు తిరిగి ఉంది. ఆమె చాట పక్కకు నెట్టి లేచింది. మొదటి డబ్బాలోంచి ఒకటి, రెండో డబ్బాలోంచి అంతే సైజుది ఒకటి తీసి మూసి చూసింది. ఒకదాని పళ్లు రెండోదాని సందుల్లో కూర్చున్నాయి.

“ఒకే పురుగుకుండే కుడి ఎడమ చిప్పల్ని రెండు జాతులని పెట్టినాను మా!”

“మూడేండ్ల పని మన్నుపాలాయె. ఇంగ పారెయ్,” అంది తిరుపాలమ్మ.

చౌడేశ్వరి పారెయ్యలేదు. డబ్బాలన్నీ చాపమీద కుమ్మరించి, మొదటినుంచి జతలు చూసింది. సాయంత్రానికి రకాలు తొమ్మిదే మిగిలాయి. ఖాళీ అయిన ఏడు డబ్బాలను కడిగి గోడవార బోర్లించింది.

“అవి నాకియ్యి, పప్పులు పోసుకుంటా,” అంది తల్లి.

“ముట్టొద్దు మా. సోమవారం కొత్త మూటలొస్తాయి.”