మూడో ఫారం అక్క

తప్పు ఫోర్‌మన్ బావమరిదిది. శిక్ష అక్కకు పడింది. మా బైండింగు షాపులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆ రోజు నోరు విప్పినవాళ్ళూ లేరు.

పుస్తకం అచ్చయ్యాక పెద్ద పెద్ద కాగితాలుగా మా దగ్గరికి వస్తుంది. ఒక్కో కాగితం మడిస్తే పదహారు పేజీలు. దాన్ని ఫారం అంటాం. పొడవాటి బల్ల దగ్గర వరసగా నిలబడి, ఎవరి ముందున్న ఫారం వాళ్ళు ఒకదాని మీద ఒకటి వేస్తూ పోతే పుస్తకం తయారవుతుంది. అక్క చోటు మూడోది. అంటే ముప్పై మూడో పేజీ నుంచి నలభై ఎనిమిది దాకా. నాలుగో చోటు బావమరిదిది. ఒకసారి అతను కట్ట విప్పేటప్పుడు చూసుకోకుండా తన ముందు కూడా మూడో ఫారాలే పెట్టుకున్నాడు. రెండు వేల పాఠ్యపుస్తకాల్లో మూడో ఫారం రెండుసార్లు పడింది, నాలుగోది అసలు లేదు. అన్నీ తిరిగొచ్చాయి.

"మూడోది ఎవరిది?" అన్నాడు ఫోర్‌మన్. అక్కడితో విచారణ అయిపోయింది.

"నంబరు చూసే వేశానండి" అంది అక్క.

"నీకు చదువు కూడా వచ్చా? ఏదీ, చదువు" అని పుస్తకం చేతికిచ్చి అందరి ముందూ నిలబెట్టాడు. అక్క చదివింది ఐదో తరగతి. భయంతో కూడబలుక్కుంటూ రెండు వాక్యాలు చదివేసరికి బావమరిది నవ్వాడు. అతను నవ్వాడు కాబట్టి మిగతావాళ్ళూ నవ్వారు. రెండు వేల పుస్తకాల కుట్లూ విప్పి మళ్ళీ కుట్టే పని ఆమె ఒక్కదాని చేతే చేయించారు.

ఇదంతా నేను చేరకముందు మాట. నేను చేరేనాటికి అక్కకు ఒక అలవాటు ముదిరిపోయి ఉంది. పేజీ తిరిగితే చాలు, దాని నంబరు పైకి అనేస్తుంది. "ముప్పై నాలుగు. ముప్పై అయిదు." ఇంకెవరూ తనను వేలెత్తి చూపకూడదని మొదలుపెట్టిందట. తర్వాత నాలుక తనంతట తనే అనడం నేర్చుకుంది. 'మూడో ఫారం' అని పేరు పెట్టింది కూడా ఆ బావమరిదే. మాలాంటి చిన్నవాళ్ళం దానికి 'అక్క' చేర్చాం.

నవ్వులపాలైన మర్నాటి నుంచి అక్క తన ఫారాలను చదవడం మొదలుపెట్టింది. అన్నం తినే వేళ ఒక పాడైన ఫారం తీసుకుని మూల కూర్చునేది. నేను బడి మానేసి పుస్తకాల మీద పడ్డవాణ్ణి గనక మా ఇద్దరికీ స్నేహం కుదిరింది.

"నాలుగొందల పుస్తకాలు చదివాన్రా తమ్ముడూ. అన్నీ నడిమధ్యే. ఎవడు ఎవణ్ణి ఎందుకు కొట్టాడో తెలీదు, కొట్టాక ఏమైందో తెలీదు. కొట్టడం మాత్రం కళ్ళారా చూశా."

"ఇంటికి పట్టుకెళ్ళి మొత్తం చదువుకోవచ్చుగా."

"ఇంట్లో నేను పుస్తకం పట్టుకుంటే నలుగురికి పనులు గుర్తొస్తాయి. మా అత్తకైతే అయిదు."

మా ఊళ్ళో చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు పైకి చదివి రికార్డు చేసే సంఘం ఒకటుంది. ఒక పరుపుల దుకాణం మీద రెండు గదులు. చప్పుడు రాకుండా ఒక గది గోడలకు పాత పరుపులు కొట్టారు. ఆదివారాలు అక్క అక్కడికి వెళ్ళి చదువుతోందని ఒకనాడు ఆమే చెప్పింది. నాకు నచ్చలేదు. మంచి పనులు చేసే పెద్దమనుషులంటే నాకు మొదటి నుంచీ పడదు. చేసేది చిటికెడు, చెప్పుకునేది చేటెడు. ఇన్నేళ్ళు ఈమె పడిందే చాలు, పోయి ఇంకొకరికి ఊడిగమెందుకని మొహం మీదే అడిగాను. అక్క మాత్రం, సంఘం సమావేశం ఉంది, తోడు రమ్మంది.

తోడు ఎందుకో దారిలో చెప్పింది. ఆమెకు మూడొందల పేజీల నవల ఇచ్చారట. మొదటి పేజీ నుంచి ఆమె చదువుతున్న మొదటి కథ అదే. రెండొందల పన్నెండో పేజీ దాకా వచ్చింది. అప్పుడు సంఘం పెద్ద రికార్డు విన్నాడు. ప్రతి పేజీ మొదట్లోనూ అక్క గొంతు నంబరు చెబుతోంది. కథలో తల్లి ఏడుస్తూ "నా బిడ్డ" అంటుంది, "నూట నలభై ఏడు", "ఎక్కడికి పోయాడు" అంటుంది. ఆమెను ఉంచాలా మాన్పించాలా అన్నది ఆ రోజు తేలుతుంది.

"మానుకోమంటే ఆ పిల్లాడు దొరికాడో లేదో నాకు తెలీకుండానే పోతుంది" అంది.

సమావేశంలో ముందుగా ఎవరు ఎందుకు ఈ సంఘానికి సాయం చేస్తున్నారో చెప్పుకున్నారు. మందుల షాపాయన తల్లి పేరు మీద అన్నాడు. బ్యాంకు ఉద్యోగి, తనకు దేవుడు ఇచ్చిన గొంతును పదిమందికీ పంచాలని అన్నాడు. నేను పైకప్పు చూస్తూ కూర్చున్నాను. అక్క వంతు వచ్చింది.

"అబద్ధం ఎందుకు, నా కోసమే వస్తానండి. పుణ్యం అంటే మా అత్త కూడా అడ్డు చెప్పదు. ఇక్కడ కూర్చుంటే రెండు గంటలు ఎవరూ లేపరు. పుస్తకం మొదటి నుంచీ చదవనిస్తారు. దానివల్ల ఎవరికైనా మేలు జరిగితే అది మీ చలవ."

కొందరు నవ్వారు. ఈ నవ్వు మా షాపులో నవ్వులాంటిది కాదు. నేను పైకప్పు చూడటం మానేశాను.

సంఘం పెద్ద రిటైరైన లెక్చరరు. "మీ చిత్తశుద్ధిని కాదనను తల్లీ. కానీ వినేవాళ్ళ ఇబ్బంది చూడాలిగా" అన్నాడు.

"వినేవాళ్ళనే అడగండి సార్" అంది వెనక కూర్చున్న చూపులేని అమ్మాయి. కాలేజీలో చదువుతోందట. "ఈవిడ ముందు మా చరిత్ర పాఠాలు చదివారు. క్లాసులో నలభై ఒకటో పేజీ తీయండి అంటే అందరూ తీస్తారు. నేను ఏం తీయను? మీ అందరి రికార్డుల్లో వెతుక్కోవాలి. ఈవిడ దాంట్లో ఆ పేజీ వెంటనే దొరుకుతుంది. ఎక్కడున్నామో తెలుస్తుంది."

లెక్చరరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చివరికి పాఠ్యపుస్తకాలన్నీ ఇకపై అక్కకే అని తేల్చారు. నవల మాత్రం బ్యాంకు ఉద్యోగి మొదటి నుంచీ చదువుతాడు. కథకు నంబర్లు అడ్డమే, అది నేనూ కాదనలేను.

మెట్లు దిగుతూ అక్క నవ్వుతూనే ఉంది. వీధి మలుపులో ఆగి, "పిల్లాడు దొరికాడంటావా?" అంది.

మరుసటి నెల వేరే ఊళ్ళో పని దొరికి నేను షాపు మానేశాను. మానేసే ముందు సంఘానికి వెళ్ళి ఆ నవల అడిగి తెచ్చాను. అన్నం తినే వేళ రోజూ కాసేపు, రెండొందల పదమూడు నుంచి పైకి చదివేవాణ్ణి. పేజీ తిప్పినప్పుడల్లా అక్కను ఆటపట్టించడానికి నంబరు గట్టిగా చెప్పేవాణ్ణి. ఆఖరి రోజుకు పదకొండు పేజీలు మిగిలాయి. గంట కొట్టేలోపు పూర్తిచేయాలని తొందరలో గబగబా చదువుకుపోతున్నాను. పిల్లాడు ఊళ్ళోకి అడుగుపెట్టాడు. అక్క చెయ్యి చాచి పేజీ మీద అడ్డం పెట్టింది.

"నంబరు చెప్పకుండా తిప్పేస్తున్నావేంట్రా? ఎక్కడున్నామో నాకెలా తెలుస్తుంది?"