కాదనలేని సంతకాలు

ఈ ఉదయం పక్కింటి కోడలు పాత పేపరులో చుట్టిన జిలేబీలు గోడమీదుగా అందించింది. ఇంకా వేడిగానే ఉన్నాయి, పాకం కాగితాన్ని తడిపేసి నా వేళ్ళకు అంటుకుంది. ఏమిటమ్మా విశేషం అని అడిగితే, "లోను శాంక్షనైంది ఆంటీ, షూరిటీ పెట్టినవాళ్ళందరికీ ఇస్తన్నాం, మీకూ తెచ్చినాను" అంది. బిడ్డ పుట్టిందని చెప్పినంత సంబరంగా చెప్పింది. నేను నవ్వి తీసుకున్నాను. లోపలికి వచ్చి ప్లేటులో పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మా బావ గుర్తుకొచ్చాడు.

బచేలి కొండ కింద ఉన్న రైల్వే కాలనీలో జిలేబీ వాసన వచ్చిందంటే ఎవరో అప్పు చేశారని అర్థం. ఇక్కడి మన తెలుగువాళ్ళలో చాలామంది విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఇనుపరాయి మోసే ఈ లైను మీద పనికి వచ్చినవాళ్ళు. బంధువులు కొండలకు అవతల ఉండిపోయారు. ఇక్కడ జ్వరం వచ్చినా, పెళ్ళి వచ్చినా, పక్క క్వార్టరే పుట్టిల్లు. బజారులో ఉద్యోగులే కలిసి పెట్టుకున్న ఒక పరపతి సంఘం ఉండేది. అక్కడ అప్పు కావాలంటే ఇద్దరు ఉద్యోగుల హామీ సంతకాలు కావాలి. అప్పు తీసుకున్నవాడు సంతకం పెట్టినవాళ్ళకు జిలేబీ పంచాలి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని, ఆ ఆచారం ముందు మిగతా పండుగలన్నీ చిన్నబోయేవి. బైలదిల్లా గనుల ఎర్రధూళి కిటికీ రెక్కల మీద, ఆరేసిన బట్టల మీద, మనుషుల కనురెప్పల మీద కూడా పేరుకునే ఊరు ఇది. ఆ ధూళిలో జిలేబీ పొట్లాం పట్టుకుని నడిచే మనిషిని చూస్తే అందరికీ ముచ్చటేసేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

మా బావ, అంటే మా పెద్దక్క మొగుడు, స్టేషనులో పాయింట్స్‌మన్‌గా పనిచేసేవాడు. ఏ బండి ఏ పట్టా మీదికి వెళ్ళాలో చూసుకునే ఉద్యోగం. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి, ఎవరేం చెప్పినా వినడానికే పుట్టినట్టు ఉండేవాడు. కాలనీలో ఆయన సంతకం లేని అప్పు పత్రం ఉండేది కాదేమో. ఎవరు గుమ్మంలోకి వచ్చినా, విషయం చెప్పకముందే చొక్కా జేబులోంచి పెన్ను తీసేవాడు. "పాపం, అంత దూరం నడిచొచ్చినాడు, కాదంటే బాగుంటాదేటి?" అనేవాడు. ఆ అంత దూరం ఎదురింటి నుంచి. మా అక్క మాత్రం "మీ బావ సంతకానికి కాళ్ళున్నాయే, ఆయన కంటే ముందే సంఘానికి ఎల్లిపోద్ది" అని నవ్వేది. అప్పట్లో అది నవ్వుకోదగిన విషయంగానే ఉండేది.

నేను ఇక్కడి స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మా నాన్న పెంచిన పద్ధతి వల్ల చిన్నప్పటి నుంచి సభల్లో లేచి ప్రశ్న అడగడం, పురోహితుడితోనూ పాస్టరుతోనూ ఒకే గొంతుతో వాదించడం అలవాటు. దెయ్యం పట్టిందని కొడుతున్న పిల్లను విడిపించడానికి ఊళ్ళకు వెళ్ళాను, తాయెత్తులు అమ్మేవాడిని సంతలో నిలబెట్టి అడిగాను. అందుచేత కాలనీలో నాకు గౌరవమూ ఉండేది, నేను వస్తుంటే పక్కకు తప్పుకునే అలవాటూ ఉండేది. బావ మాత్రం తప్పుకునేవాడు కాదు. "రండి టీచరమ్మా, ఇయాళ ఏ దేముడి మీద కేసు?" అని కుర్చీ వేసేవాడు.

ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో నా ఫోను మోగింది. తెలియని గొంతు, హిందీ. నన్ను దీదీ అని పిలిచి, మీ జీజాజీ డబ్బు ఎగ్గొట్టి తిరుగుతున్నాడు, మీ ఇంట్లో మగవాళ్ళందరూ ఇలాంటివాళ్ళేనా అని అడిగింది. ఫోనులోనే అప్పిచ్చే కంపెనీల్లో ఏదో ఒకటి. అప్పు ఇచ్చేటప్పుడు బావ ఫోనులో ఉన్న నంబర్లన్నీ తీసుకుందట. కాసేపటికి మా హెడ్‌మాస్టరుకూ అదే ఫోను. ఆయన నా ముఖం చూడలేక కిటికీలోంచి కొండను చూస్తూ నిలబడ్డాడు.

స్కూలు నుంచి నేరుగా అక్క ఇంటికి వెళ్ళాను. కథ పొరలు పొరలుగా బయటికి వచ్చింది. అక్క ఆపరేషనుకు సంఘంలో తీసుకున్నది మొదటి అప్పు. అది మామూలుగానే తీరిపోయేది. కాని బావ షూరిటీ పెట్టిన ఒకడు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయి కట్టడం మానేశాడు. ఆ కంతులు బావ మీద పడ్డాయి. అవి కట్టడానికి బ్యాంకులో పర్సనల్ లోను, దాని కంతుకు ఫోను అప్పు, ఆ ఫోను అప్పు తీర్చడానికి ఇంకో ఫోను అప్పు. దీనికి తోడు బావ కంతులు మంగళవారం తప్ప కట్టేవాడు కాదు. మంగళవారం తీర్చిన అప్పు మళ్ళీ పుట్టదని ఎవరో చెప్పారట. గడువు బుధవారం అయితే వచ్చే మంగళవారం దాకా ఆగేవాడు, ఆ ఆలస్యానికి ప్రతిసారీ జరిమానా పడేది. ఇది విన్నాక నేను ఎలా ఊరుకుంటాను? గ్రహం అంటే ఏమిటి, వారం పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి, వడ్డీ ఏ రోజూ సెలవు తీసుకోదని గొంతు చించుకున్నాను. బావ అంతా విని, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, "వారం మార్చీస్తాను గాని టీచరమ్మా, నీ తర్కం ఆ ఫోనును ఆపుతాదేటి?" అన్నాడు. ఆ క్షణంలోనే ఫోను మోగింది. ఆయన దాన్ని దిండు కింద పెట్టి దాని మీద కూర్చున్నాడు. ఆ మనిషి కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. దిండు కింద అది వణుకుతూనే ఉంది, ఆయన కదలకుండా గోడకేసి చూస్తున్నాడు.

జగదల్‌పూర్‌లో ఒక ట్రస్టు వాళ్ళు అప్పుల్లో చిక్కుకున్నవాళ్ళకు సలహా ఇస్తారని నా స్నేహితురాలు చెప్పింది. బావా నేనూ బండెక్కి వెళ్ళాం. బట్టల కొట్టు మీద మేడ గది, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక ఆవిడ. బావ మొదట రెండు అప్పులు చెప్పాడు. ఆవిడ తల ఊపి, "ఔర్?" అంది. ఇంకొకటి చెప్పాడు. "ఔర్?" స్నానానికి ముందు పిల్లాడి జేబులు ఖాళీ చేయిస్తున్నట్టు, ఒక్కొక్కటే వచ్చింది. ఆఖరుకు ఇక లేవు అని ప్రమాణం చేసి, టీ వచ్చాక ఇంకొకటి ఉందన్నాడు. ఆవిడ విసుక్కోలేదు. ముందు ఇంటికి ఎంత కావాలో చూద్దాం అంది. బియ్యం, మందులు, పిల్ల చదువు, కరెంటు. అది పక్కన పెట్టాక మిగిలేదే అప్పులవాళ్ళది. నెలకు ఒకే మొత్తం, దాన్ని అందరికీ వాటాల ప్రకారం. జరిమానాలు ఆపమనీ, గడువు పెంచమనీ ఒక్కొక్కరికీ మేము రాస్తాం, ఒప్పుకున్నంత వరకు ఒప్పిస్తాం అంది. బంధువులకు ఫోను చేసి తిట్టే హక్కు ఎవరికీ లేదనీ, ఆ నంబర్లు రాసి ఇమ్మనీ చెప్పింది. అది వినగానే బావ భుజాలు కాస్త దిగాయి.

తరువాత ఆవిడ మూడు షరతులు పెట్టింది. కొత్త అప్పు చెయ్యకూడదు, ఇక ఎవరికీ షూరిటీ పెట్టకూడదు. సంఘానికి మా ఉత్తరం చేరకముందే, మీకు షూరిటీ పెట్టినవాళ్ళ ఇంటికి మీరే వెళ్ళి కట్టలేకపోతున్నానని చెప్పాలి. బావ లేచి నిలబడ్డాడు. "ఇది అవ్వదమ్మా" అన్నాడు తెలుగులోనే. ఆవిడకు అర్థమయిందనే అనుకుంటాను.

ఎందుకు అవ్వదో నాకు తెలుసు. బావకు షూరిటీ పెట్టిన ఇద్దరిలో ఒకరు అప్పటికే రిటైరై ఊరికి పోయారు, మిగిలింది మేము అన్నయ్య అని పిలిచే పక్క క్వార్టరాయన. గూడ్సు గార్డు, చర్చిలో పెద్ద, మా అక్క ఆపరేషనప్పుడు రక్తం ఇచ్చిన మనిషి. అన్నయ్య అప్పుకు షూరిటీ బావ. వాళ్ళిద్దరూ కలిసి ఇంకొకరికి, ఆ ఇంకొకరు ఎదురింటివారికి. కాలనీ అంతా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గుండ్రంగా నిలబడింది. దూరం నుంచి చూస్తే ఆటలా ఉంటుంది. లోపలున్నవాడికి చెయ్యి విదిలించుకునే దారి లేదు. దేవుడికి గుడి ఉంటుంది కాబట్టి అక్కడికి వెళ్ళి వాదించవచ్చు. మొహమాటానికి గుడి లేదు, పూజారి లేడు. నా జీవితమంతా మూఢనమ్మకాలని వేటిని పిలిచానో అవన్నీ కలిసి కూడా ఆ కాలనీలో ఇన్ని ఇళ్ళను కట్టిపడెయ్యలేదు.

తిరుగు ప్రయాణంలో మా బండిని ఒక చిన్న స్టేషనులో ఆపేశారు. రెండో పట్టా వేసే పని అప్పటికి అక్కడిదాకా రాలేదు. ఇనుపరాయి బండి దాటేదాకా మేము కదలడానికి లేదు. పెట్టెలో ఉక్కపోత, పక్కన ఇప్పపూల బుట్ట పెట్టుకున్న ముసలమ్మ నిద్రపోతోంది. బావ కిటికీలోంచి సిగ్నలు వైపు చూస్తూ అన్నాడు.

"ఒక బండి రెండు స్టేషన్ల మధ్య సెక్షన్లో నిలిచిపోనాదంటే ఎనకాల బళ్ళన్నీ నిలిచిపోవాల. నాను నిలిచిపోనానని సెప్పితే కాలనీ అంతా ఆగిపోద్ది."

"నిలిచిపోయిన బండి ఆ సంగతి చెప్పకపోతే ఏమవుతుంది బావా?"

ఆయన నావైపు చూశాడు. సమాధానం ఆయనకు ఉద్యోగంలో మొదటి రోజు నుంచీ తెలుసు. కిటికీ బయట ఎర్రటి బోగీలు ఒకదాని వెంట ఒకటి పోతూనే ఉన్నాయి, తరగని వరసలా. ఆఖరి బోగీ దాటేదాకా ఆయన వాటినే చూశాడు. తరువాత, "ఆదివారం చర్చి అయ్యాక ఎల్దాం. నువ్వు రావాల. కాని మాట్లాడకూడదు" అన్నాడు.

వెళ్ళాం. నేను మాట్లాడలేదు, నా జీవితంలో అంత కష్టమైన పని తక్కువ. అన్నయ్య తెల్ల చొక్కా ఇంకా విప్పలేదు. ఆయన భార్య, మా వదిన, మాకు పాయసం గిన్నెలు పెట్టింది. బావ గిన్నె ముట్టకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కట్టలేకపోతున్నానని, ఉత్తరం వస్తుందని, సంఘం ఒప్పుకోకపోతే మీ మీద పడుతుందని. అన్నయ్య గడప మీద ధూళిని బొటనవేలితో గీస్తూ కూర్చున్నాడు. వదిన మాత్రం ఊరుకోలేదు.

"అయితే ఏటంటారు? మీ జిలేబీలు తిన్నాం కాబట్టి ఇప్పుడు మీ అప్పు తినమంటారేటి?"

"అలగ కాదు వదినా..."

"మరెలగ? మా పిల్లకి ఫీజు కట్టాల వచ్చే నెల. ఆ మాట మీకు తెలీదా? తెలిసీ ఇన్నాళ్ళూ రోజూ మా గుమ్మంలో కూకొని టీ తాగినారు, సిగ్గు లేదా?"

బావ తల వంచుకుని, లేదమ్మా అన్నాడు. అన్నయ్య లేచి లోపలికి వెళ్ళాడు. రెండు ఇళ్ళ మధ్య కంచెకు ఉన్న చిన్న గేటుకు ఆ సాయంత్రం తీగ చుట్టి ఉంది.

జగదల్‌పూర్ మేడమ్ చాలా ఉత్తరాలు రాసింది. సంఘం ఒప్పుకుంది, అన్నయ్య జీతం జోలికి రాలేదు. బ్యాంకు గడువు పెంచింది. ఫోను కంపెనీల్లో ఒకటి రెండు మొండికేసి చివరకు దిగొచ్చాయి. ఫోను మోగడం ఆగింది. ఒప్పందం బావ ఉద్యోగం ముగిసిన తరువాత కూడా సాగేంత పొడుగ్గా ఉంది. ఆ ఇంట్లో చేపల కూర మానేశారు, అక్క పాత చీరలకు అంచులు మార్చి కట్టుకుంది. ఒకరోజు పట్టాల గ్యాంగులో కొత్తగా చేరిన కుర్రాడు కాగితం పట్టుకుని వచ్చాడు. వాడి నాన్న ఒకప్పుడు బావకు సంతకం పెట్టినవాడే. బావ చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగింది. "లేదు బాబూ" అన్నాడు. వాడు అర్థం కానట్టు నిలబడ్డాడు. బావ మళ్ళీ అన్నాడు. ఆ తరువాత కాలనీలో ఆయనకు పేరు పెట్టారు, పెన్ను లేని మనిషి అని. పెళ్ళిళ్ళకు పిలుపులు తగ్గాయి. డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుంటే పలకరించేవాడు లేడు. నేను గెలిచాను, తర్కం గెలిచింది, మంచిదే. ఇంతకు ముందు అప్పులవాళ్ళు ఆయనను ఇంట్లో బంధించారు, ఇప్పుడు స్నేహితులు బంధించారు. ఈ రెండో గదికి మాత్రం ఎప్పటికైనా తెరుచుకునే తలుపు ఉందని నేను చెబుతూ వచ్చాను. ఆయన నవ్వి, "నువ్వు సైన్సు టీచరువి, రుజువు చూపించాల" అనేవాడు.

బావ రిటైరయ్యాడు. ఊరికి పోకుండా బజారు వెనక రెండు గదులు తీసుకున్నాడు, ఒప్పందం ఇంకా నడుస్తోంది. పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం అన్నయ్య నా ఇంటికి వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. కూర్చోమంటే కూర్చోలేదు. "టీచరమ్మా, జగదల్‌పూర్లో ఆ మేడమ్ ఇంకా ఉన్నారా?" అని అడిగాడు. ఎందుకని నేను అడగలేదు. ఎవరికో పెట్టిన సంతకం ఆయన మీద పడిందని ఊరంతా తెలుసు. అడ్రసు నాకు గుర్తు లేదు, బావకే తెలుసు అన్నాను. అది అబద్ధం. ఆయన చెప్పులవైపు చూసుకుని, "సరే" అన్నాడు.

మర్నాడు పొద్దున్న కూరలకు వెళ్తూ స్టేషను వైపు తొంగిచూశాను. ప్లాట్‌ఫారం బల్ల మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి. జగదల్‌పూర్ బండి ఆలస్యమని మైకులో చెబుతున్నారు. కాసేపటికి బావ టీ రెండు కప్పులు తెచ్చి, ఒకటి ఆ ఖాళీలో పెట్టాడు. అది చల్లారేదాకా అన్నయ్య చూస్తూనే ఉన్నాడు, తరువాత తీసుకుని తాగాడు. కాలం అన్నిటినీ సరిచేస్తుందన్న మాటను నేను ఎన్నడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. కాని ఇద్దరు మొండి మనుషులు ఒకే బల్ల మీదికి వచ్చి కూర్చోవడానికి ఎన్నేళ్ళు కావాలో అన్నేళ్ళూ అది విసుక్కోకుండా ఇస్తుందని, ఆ ఉదయం ఖాళీ కూరల సంచీతో నిలబడి చూశాను.